కాటారం మహానగరానికి ముందస్తు అభినందనలు

కాటారం నగరం కాబోతున్నది. ఈ మాట సర్కారు చెప్పలేదు, జనాభా లెక్కలవాళ్లూ చెప్పలేదు. రోడ్డు పక్క ఫ్లెక్సీ చెప్పింది. ఫ్లెక్సీలో నీలం రంగు స్విమ్మింగ్ పూల్, దాని చుట్టూ ఖర్జూరపు చెట్లు, ఆ చెట్ల కింద నిక్కరు వేసుకొని తెల్లకుక్కను తిప్పుతున్న ఒక దొర. మహాముత్తారం అడివి పక్కన ఆ ఖర్జూరాలు ఎట్లా మొలిచాయనీ, ఆ దొర మంథని బస్సు దిగాడా పరకాల బస్సు దిగాడా అనీ అడగడం మర్యాద కాదు. పూల్‌లోకి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయని అడిగితే మీరు అభివృద్ధి నిరోధకులు.

ఫ్లెక్సీ కింది భాగంలో దూరాలుంటాయి. కిలోమీటర్లలో ఉండవు, నిమిషాల్లో ఉంటాయి. కాళేశ్వరం పావుగంట, మేడారం అరగంట, మామునూరు విమానాశ్రయం గంట. 353సీ జాతీయ రహదారి మీద ఇసుక లారీ వెనుక ఒక్కసారి ఇరుక్కున్న మనిషెవడూ ఈ నిమిషాలు లెక్కగట్టి ఉండడు. మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది. అనుమతి కాగితం మీద ఉండగానే మన వెంచర్లో విమానం దిగింది, గజానికి ఇంత పెరిగింది.

అయినా మనకు అర్హతలకేం తక్కువ? ఒక రోడ్డు భూపాలపల్లికి, ఒకటి మంథనికి, ఒకటి మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరానికి పోయే చౌరస్తా ఉంది. మండలం పేరు కాటారం, బజారు నడిచేది గారెపల్లిలో. పేరొక దగ్గర, బేరమొక దగ్గర ఉండటం మహానగరాలకు కూడా ఆలస్యంగా అబ్బే విద్య, మనకు ముందే వచ్చింది. 2016 దాకా కరీంనగర్ జిల్లా కొసన వేలాడినవాళ్లం, ఆ ఏడు దసరా నాడు భూపాలపల్లి జిల్లాలో పడ్డాం. ఇప్పుడు సబ్ కలెక్టర్ కూర్చునే ఊరు మనది. అధికారి కుర్చీ ఎటు కదిలితే గజం ధర అటు కదులుతుంది. పత్తి చెలకల్లో తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు మొలుస్తున్నాయంటే వింత ఏముంది?

ఆ రాళ్లు పాతడానికి ముందు జరిగే మాటలు తెలంగాణలో ఏ చౌరస్తా చాయ్ హోటల్లోనైనా వినొచ్చు.

“బాపూ, ఎన్నేండ్లు దున్నినా పత్తే గదా వచ్చేది. ఒక్కపారి గజాల్ల లెక్కజూడు. ఎకరమంటే 4,840 గజాలు!”

“మరి నాకు గజాల లెక్కనే ఇస్తవా బిడ్డా?”

“నీ కాడ కొనేది ఎకరాల్ల, నేనమ్మేది గజాల్ల బాపూ. గట్లుంటేనే యాపారం.”

పట్టణ ప్రణాళిక శాస్త్రం మొత్తం ఈ మూడు మాటల్లో ఉంది. తక్కినదంతా బ్రోచర్ ప్రింటింగ్ ఖర్చు.

నగరం కావడం మనకు కొత్త గనుక, ముందే అయినవాళ్లను చూసి నేర్చుకోవడం మంచిది. పక్కనే ఉన్న భూపాలపల్లి ముచ్చట తొందరగా అయిపోతుంది. బొగ్గు దొరికింది, సింగరేణి వచ్చింది, కేటీకే ఇంక్లైన్లు పడ్డాయి, కార్మికులకు వరుసగా క్వార్టర్లు లేచాయి. చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం వచ్చింది, దానికో కాలనీ. పంచాయతీ నగర పంచాయతీ అయింది, మున్సిపాలిటీ అయింది, జిల్లా కేంద్రం అయింది. కంపెనీ గేటు లోపల రోడ్డుకు రెండు పక్కలా చెట్లు, గేటు బయట రోడ్డుకు రెండు పక్కలా మోరీ. ప్లాన్ వేసింది బొగ్గు కోసం. మనుషులు దాని వెంట వచ్చినవాళ్లు, వాళ్లకు వేరే ప్లాన్ ఎందుకు?

అసలు పాఠశాల మాత్రం పట్నంలో ఉంది. ప్లాన్ గీసి, ప్లాట్లు కోసి, ఇండ్లు కట్టి, చివరికి నగరమై కూర్చున్న కాలనీ అంటే తెలుగువాళ్లలో ఎవరైనా ముందు చెప్పే పేరు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, మన పిల్లల నోట కేపీహెచ్‌బీ. దాని వంశం వరదలో పుట్టింది. 1908లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. ఊరికి ఒక పద్ధతి ఉండాలని నిజాం సర్కారు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. 1960లో ఆ బాధ్యతే ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. అంటే నీళ్లకు దారి విడిచి ఇల్లు కట్టుకోవాలన్న బుద్ధి పుట్టించిన వంశం అది. ఆ వంశంవాళ్లు కట్టిన కాలనీలో ఇప్పుడు గంటసేపు వాన దంచితే రోడ్డు మీద ఏమేం తేలుతుందో అక్కడ హాస్టల్లో ఉండే మీ పిల్లగాణ్ని ఫోన్ చేసి అడగండి.

ముంబై రోడ్డు పక్కన ఆ కాలనీ వేసినప్పుడు బోర్డు నిజంగానే ఆలోచించి వేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. వీధులు వంకర లేకుండా గీసింది. ఫేజులుగా విడదీసింది. బడికి జాగ, బజారుకు జాగ, పిల్లలు ఆడుకోవడానికి జాగ విడిచింది. ఇంటికో నంబరు ఇచ్చింది, నంబరు ముందు జీతం రాసింది. పేదలైతే ఈడబ్ల్యూఎస్, కొంచెం నయమైతే ఎల్ఐజీ, మధ్యస్తమైతే ఎంఐజీ, బలిసినవాళ్లకు హెచ్ఐజీ. కులం అడగకుండా, ఊరు అడగకుండా, మనిషి ఆదాయాన్ని ఇంటిపేరుగా మార్చిన మొదటి అభ్యుదయం అదే. “పిల్లగాని వాళ్లది ఎంఐజీ” అంటే చాలు, సంబంధం మాట్లాడటానికి పోయినవాళ్లకు సగం సంగతి తెలిసిపోయేది.

ఆ వీధుల్లోకి రిటైరైన గుమస్తాలు, టీచర్లు, ఫ్యాక్టరీ కార్మికులు చేరారు. జామచెట్టు పెట్టుకున్నారు. తర్వాత పక్కన హైటెక్ సిటీ వచ్చింది. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. జామచెట్టు కంటే మంచం ఎక్కువ కాస్తుందని కాలనీ తొందరగానే కనిపెట్టింది. ఒక్క అంతస్తుకు వేసిన పునాది మీద మూడు లేచాయి, నాలుగు లేచాయి, పైన రేకులు పడ్డాయి, రేకుల కింద ఇంకో వరుస మంచాలు పడ్డాయి. ఎల్ఐజీ ఇల్లు ‘లగ్జరీ మెన్స్ హాస్టల్’ అయింది. మన కాటారం, మంథని, మహాదేవపూర్ పిల్లలు బీటెక్ పట్టా పట్టుకొని దిగేది అక్కడికే. వీళ్ల తాతలకు ఎకరాల్లో లెక్క, వీళ్ల నాన్నలకు గుంటల్లో లెక్క, వీళ్లకు షేరింగుల్లో లెక్క: టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. భూసంస్కరణలు ఇంతకంటే లోతుగా ఏ రాష్ట్రంలోనూ అమలు కాలేదు.

2017 నవంబర్ 28న మెట్రో వచ్చింది. ఆ దారిలో ఒక స్టేషన్‌కు ‘కేపీహెచ్‌బీ కాలనీ’ అని పేరు పెట్టారు. దిగిచూస్తే కాలనీ ఎక్కడుందో ఆటోవాణ్ని అడగాల్సిందే. మాల్ కనిపిస్తుంది, ఫ్లైఓవర్ కనిపిస్తుంది, కోచింగ్ సెంటర్ బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి.

అప్పుడు అసలు ఘట్టం మొదలైంది. కాలనీ నిండిపోయాక, ఆకాశం కూడా సగం నిండిపోయాక, బోర్డువాళ్లకు తమ పాత నకశాలో ఖాళీ ముక్కలు కనిపించాయి. మిగిలిపోయినవి, మూలమీదవి, దేనికోసమో పక్కకు పెట్టినవి. 2025 జనవరిలో ప్లాట్లు వేలం వేస్తుంటే గొడవలైనాయి. ఆగస్టులో ఏడెకరాల పైచిలుకు జాగ వేలానికి పెడితే ఎకరం 70 కోట్లు పలికింది. మొత్తం దాదాపు 547 కోట్లకు గోద్రెజ్ ప్రాపర్టీస్ పాడుకున్నది. గజానికి లక్షా నలభై వేల పైన పడింది. ఇల్లు లేని మధ్యతరగతికి ఇల్లు కట్టడానికి పుట్టిన బోర్డు, మధ్యతరగతి ఆ గేటు దాకా కూడా రాలేని ధర వచ్చిందని గర్వంగా ప్రకటించింది. పేపర్లు ‘రికార్డు’ అని రాశాయి. రికార్డే.

నా వాదన ఇంతే. ప్లాన్ వేసిన కాలనీకి, నగరానికి తేడా జనాభాలో లేదు, ఎత్తులో లేదు. గీసిన ప్లానులో ఖాళీగా విడిచిన తెల్లజాగలు ఎంతకాలం తెల్లగా ఉంటే అంతకాలం అది కాలనీ. గీసినవాడే తిరిగొచ్చి వాటిని అమ్ముకున్న రోజు అది నగరం. మైదానాన్ని కబ్జాదారు మింగితే పోలీసు కేసు పెట్టొచ్చు, హైడ్రాకు ఫిర్యాదు చెయ్యొచ్చు. సర్కారే పాట పెట్టి అమ్మితే దాన్ని ఆదాయ సమీకరణ అంటారు.

మరి కాలనీలో ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా? ఇది పాడు ప్రశ్న. 2007 ఏప్రిల్ 16న కూకట్‌పల్లి మున్సిపాలిటీతో కలిపి 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను హైదరాబాద్‌లో కలిపి గ్రేటర్ చేశారు. జనం నిద్ర లేచేసరికి మహానగర పౌరులు. 2025 డిసెంబర్‌లో ఇంకో 27 పురపాలికలను అదే కుండలో పోశారు. మళ్లీ జనం నిద్ర లేచారు. మన దగ్గర ఊరు నగరం కావడానికి జనం అక్కర్లేదు, గెజిట్ చాలు.

అమెరికావాళ్లకు ఈ సులువు తెలియక ఎంత కష్టపడతారో చూడండి. కాలిఫోర్నియాలో ఇర్వైన్ అని ఒక భూస్వామి కంపెనీ తన పశువుల మేత భూమి మీద ఒక యూనివర్సిటీని, దాని చుట్టూ కాలనీలను గీయించింది. అక్కడున్నవాళ్లు 1971లో ఓటు వేసుకొని మరీ నగరమయ్యారు. టెక్సస్‌లో జార్జ్ మిచెల్ అనే చమురు వ్యాపారి 1974లో అడవి మధ్య ది వుడ్‌లాండ్స్ అని ఒక కాలనీ తెరిచాడు. అది లక్ష దాటి పెరిగింది. 2021 నవంబర్‌లో “నగరం అవుదామా?” అని ఓటింగ్ పెడితే, మూడింట రెండు వంతుల మంది “వద్దు, మేం ఇట్లనే మంచిగున్నం” అన్నారు. సర్కారు కూడా సరే అని ఊరుకున్నదట! ఇట్లాంటి చేతగాని పరిపాలన చూసే మనవాళ్లు డాలర్లు ఇక్కడికి పంపి ప్లాట్లు కొంటున్నారు.

మన సర్కారుకు అట్లాంటి సందేహాలు లేవు. ముచ్చర్ల చుట్టుపక్కల ఒకప్పుడు ఫార్మా సిటీ అన్నారు, రైతుల భూములు సేకరించారు. ప్రభుత్వం మారింది. ఇప్పుడు ఆ వైపే భారత్ ఫ్యూచర్ సిటీ. 2025లో 56 గ్రామాలను, 765 చదరపు కిలోమీటర్లను కలిపి ఒక అభివృద్ధి సంస్థ పెట్టారు. అదే ఏడు సెప్టెంబర్ 28న మీర్‌ఖాన్‌పేటలో దాని ఆఫీసుకు శంకుస్థాపన కూడా చేశారు. నగరానికి ముందు ఆఫీసు, మనుషులకు ముందు భవిష్యత్తు. మందుల నగరానికి భూమి ఇచ్చిన రైతు భవిష్య నగరానికి ఇచ్చినవాడయ్యాడు. కాగితం మీద పేరు మారింది గాని ఆయన తిరిగే ఆఫీసు మెట్లు మారలేదు. ఇందులో మనకు ఒక గర్వకారణం ఉన్నది. ఈ నగరం గురించి దేశవిదేశాల కంపెనీలకు వివరించే ఐటీ, పరిశ్రమల మంత్రి దుద్దిళ్ల శ్రీధర్‌బాబు మన ఎమ్మెల్యేనే, మన కాటారం మండలం ధన్వాడ బిడ్డే. భవిష్యత్తు ధన్వాడ నుంచి బయలుదేరి కాటారం చౌరస్తాలో ఆగకుండా మీర్‌ఖాన్‌పేట చేరింది. బైపాస్ లేకపోయినా ఎట్లా దాటిపోయిందో ఆర్అండ్‌బీవాళ్లు పరిశోధించాలి.

మన దాకా ఫ్యూచర్ రాలేదు గాని వెంచర్ వచ్చింది. తేడా చిన్నది. ఫ్యూచర్‌కు మాస్టర్ ప్లాన్ ఉంటుంది, వెంచర్‌కు జేసీబీ ఉంటుంది. కేపీహెచ్‌బీకి కనీసం చెడగొట్టడానికి ఒక ప్లాన్ ఉండె. మనకు ఆ ఖర్చు కూడా లేదు. ఇక్కడ చెడగొట్టిన స్థితి నుంచే మొదలుపెడతాం, అందుకే తొందరగా నగరం అవుతాం.

అనుమతి లేకుండా వేసినవి ఏం చేస్తారని భయపడకండి. మన రాష్ట్రంలో అక్రమానికి ఒక సక్రమమైన పండగ ఉంది, పేరు ఎల్ఆర్ఎస్. 2015లో వచ్చింది. 2020 ఆగస్టు 31న మళ్లీ వచ్చింది. అప్లికేషన్‌కు వెయ్యి రూపాయలు అంటే 25 లక్షల మందికి పైగా లైను కట్టారు. పంచాయతీల్లోని ప్లాట్లు కూడా అందులో ఉన్నాయి. ఆ తర్వాత నాలుగేండ్లకు పైగా సర్కారు దీర్ఘాలోచన చేసి, 2025 మార్చిలో 25 శాతం డిస్కౌంట్ ప్రకటించింది. గడువు మార్చి 31 అన్నది, ఏప్రిల్ అన్నది, మే అన్నది, జూన్ అన్నది. బట్టల దుకాణం ఆషాఢం సేల్ కూడా ఇంత సాగదు. రాళ్లు పాతినవాడు ఎప్పుడో పైసలు తీసుకొని ఇంకో ఊళ్లో పాతుతున్నాడు. జరిమానా కట్టేది, నాలుగు తులాల బంగారం కుదువపెట్టి రెండు వందల గజాలు కొనుక్కున్న అంగన్‌వాడీ ఆయమ్మ. నేరం ఒకరిది, క్రమబద్ధీకరణ ఇంకొకరిది.

ఇక్కడొక మాట ఆపి చెప్పాలి. కాటారం నగరం కావడానికి ఇంత తహతహ ఎందుకో నాకు అర్థం కాదు, ఎందుకంటే నగరం చాలా ఏండ్లుగా మన చౌరస్తా మీదుగానే పోతున్నది, లారీల్లో, టార్పాలిన్ కప్పుకొని. మహాదేవపూర్ రేవుల్లో తోడిన గోదావరి ఇసుక ఈ రోడ్డు మీదుగానే పట్నం పోతుంది. అక్కడ లేచిన టవర్లలో మన వాగులున్నాయి, మన రేవులున్నాయి. లారీ పోయిన తర్వాత మనకు మిగిలేది గుంతలు, దుమ్ము, రాత్రంతా హారన్, అప్పుడప్పుడు రోడ్డు మీద ఒక బైకు, దాని చుట్టూ సున్నపు గీత. పట్నంలో అదే ఇసుక ముప్పై అంతస్తులను మోస్తున్నది. మేడిగడ్డ బరాజ్ కాడ మాత్రం ఒక్క బ్లాకును మోయలేక 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు పిల్లర్లతో సహా కుంగింది. ఇసుకకు కూడా పట్నం మీదే ప్రేమ.

2019లో ఆ బరాజ్‌ను ప్రారంభించినప్పుడు మన భూముల ధరలు పెంచినవాళ్లు, అది కుంగినప్పుడు తగ్గించలేదు గమనించారా? 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలైతే దానికొక పెంపు. మేడారం జాతరకొక పెంపు. మన దగ్గర భూమి ధర పంపుహౌజ్ కంటే గట్టిది, ఎత్తిపోయడమే తెలుసు దానికి, దించడం తెలియదు.

పంచాయతీ ఏం చేస్తున్నది అంటారా? 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా రాష్ట్రంలో గ్రామాలకు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారులు నడిపారు. ఊరికి పెద్దమనిషి లేని ఆ రెండేండ్లూ రియల్ ఎస్టేట్‌కు సెలవు ఇవ్వలేదు. ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చారు. వాళ్ల ఇండ్ల ముందుకు వెళ్లే మొదటి కారు ఓటేసిన కూలివాడిది కాదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు మనకూ తెలుసు. దావత్‌లు నడుస్తున్నాయి. మటన్ రేటు కూడా గజం రేటు పక్కన ఎక్కుతున్నది.

నగరం వద్దని నేను అనడం లేదు. బస్సు దొరకాలి, డాక్టర్ దొరకాలి, పాము కరిస్తే వరంగల్ దాకా పోకుండా ప్రాణం దక్కాలి, పిల్ల డిగ్రీ తర్వాత ఫోర్ షేరింగ్ మంచానికి పోకుండా ఇక్కడే ఏదో ఒక కొలువు చేసుకోవాలి. నగరమంటే అది. ఆ లిస్టులో ఒక్కటి కూడా ఫ్లెక్సీ మీద లేదు. క్లబ్ హౌస్ ఉంది. ఆర్చ్ ఉంది. కాటారం చెలకల్లో ఆర్చ్ కట్టిన ఏ వెంచర్ చూసినా, ఆర్చ్ దాటాక పల్లేరుగాయలే.

కాబట్టి సర్పంచులారా, వార్డు సభ్యులారా, ముఖ్యంగా ప్లాటు కొనబోతున్న అక్కలారా, అన్నలారా: 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి. వచ్చే సభకు పని మానుకొని అయినా పోండి. వెంచర్‌కు డీటీసీపీ అనుమతి ఉన్నదా, ఉంటే నంబరెంత అని అడగండి. లేఅవుట్‌లో విడవాల్సిన పది శాతం జాగ పంచాయతీ పేరున రిజిస్టర్ అయిందా, అయితే దస్తావేజు చూపించమనండి. ఆ చెలకల వాననీళ్లు ఇన్నాళ్లు ఏ కుంటలోకి పోయేవి, ఇప్పుడు ఏ ఇంట్లోకి పోతాయి అని కూడా అడగండి. నోటి జవాబు తీసుకోకండి. తీర్మానాల పుస్తకంలో రాయించి, కింద మీ సంతకం కూడా పెట్టి ఇంటికి రండి.